లైబ్రరీలో మెక్సికన్ల ‘పోయినవాళ్ళ పండుగ’: నాన్న ఫోటో పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

షికాగో_చలి | అక్టోబర్ 12
అందరికీ నమస్కారం. షికాగో శివారులో ఉంటాం. మా లైబ్రరీలో నవంబర్ 1, 2 తేదీల్లో వచ్చే మెక్సికో వాళ్ళ ‘డే ఆఫ్ ది డెడ్’ (పోయినవాళ్ళ పండుగ) కోసం ఒఫ్రెండా కడుతున్నారు. ఒఫ్రెండా అంటే పోయినవాళ్ళ కోసం పేర్చే పీఠం. చూడ్డానికి మన బొమ్మల కొలువు మెట్లలాగే ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా సరే తమవాళ్ళ ఫోటో తెచ్చి పెట్టొచ్చని బోర్డు రాశారు. అక్కడి వాలంటీరు ఒక పెద్దావిడ, ప్యూబ్లా నుంచి వచ్చారట. మా నాన్నగారు మార్చిలో పోయారని మాటల్లో తెలిసి, “ఫోటో పట్టుకురా అమ్మాయ్, ఆయనకి ఇష్టమైంది కూడా ఏదైనా తీసుకురా” అన్నారు.

నాకు పెట్టాలనే ఉంది. ఇంట్లోనే కుదరడం లేదు. సంవత్సరీకం కాలేదు, ఏడాది సూతకంలో పండుగేమిటని అత్తయ్యగారు. అది వాళ్ళ పండుగ, మనం మధ్యలో దూరితే బాగోదని మా ఆయన. నా ఇబ్బంది ఇంకోటి: ఆ పీఠాల మీద పెట్టే నవ్వే పుర్రె బొమ్మల మధ్య నాన్న ఫోటో ఊహించుకుంటే ఏదోలా ఉంది. ఇలాంటివి దగ్గర్నుంచి చూసినవాళ్ళు కాస్త చెప్పండి.

మాంటెరే_మూర్తి | అక్టోబర్ 12
ఉద్యోగరీత్యా మెక్సికోలో ఉంటున్నాను. ముందుగా ఒక మాట: దేశమంతా ఒకేలా చేస్తారనుకోకండి. నేనుండేది ఉత్తరాన, మాంటెరేలో. ఇక్కడ నాతో పనిచేసేవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే. వాళ్ళ తాతల కాలంలో నవంబర్ 2న సమాధి కడిగి, పూలు పెట్టి, ప్రార్థన చేసుకుని వచ్చేవారు, అంతే. మెట్ల పీఠాలు, కాగితం తోరణాలు, పంచదార పుర్రెలు వీళ్ళకి బడి ద్వారా, టీవీ ద్వారా వచ్చినవి. పెద్ద ఎత్తున చేసేది మధ్య, దక్షిణ భాగాల్లో: మిచోకాన్, ప్యూబ్లా, వహాకా, మెక్సికో సిటీ చుట్టూ ఉన్న పాత ఊళ్ళు. యుకతాన్‌లో మాయా వాళ్ళ పద్ధతి మళ్ళీ వేరు. దాన్ని హనాల్ పిషాన్ అంటారు. నేలలో గొయ్యి తీసి, అందులో పెద్ద తమాలె (ఆకులో చుట్టి వండే మొక్కజొన్న పిండి వంటకం) కాల్చి పోయినవాళ్ళకి పెడతారు.

ఇక మీ సంవత్సరీకం సంగతి. మీ వాలంటీరుది ప్యూబ్లా అన్నారు కదా, ఆ రాష్ట్రంలోనే వాకెచూలా అనే ఊరుంది. అక్కడ ఆ పెద్ద పీఠాలు కట్టేదే ఆ ఏడాదిలో పోయినవాళ్ళకి. తెల్ల శాటిన్ గుడ్డతో అంతస్తులు అంతస్తులుగా ఇంటి కప్పు దాకా లేపుతారు. ఫోటో నేరుగా కాకుండా అద్దంలో కనపడేలా పెడతారు. ఆ రోజుల్లో ఆ ఇళ్ళ తలుపులు తెరిచే ఉంటాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒక కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళొచ్చు. ఇంటివాళ్ళు కూర్చోబెట్టి రొట్టె, వేడి చాక్లెట్ ఇస్తారు. కాబట్టి మీవారు అంటున్న ‘మధ్యలో దూరడం’ ఆవిడకి అర్థం కూడా కాకపోవచ్చు.

కాకపోతే చాలాచోట్ల, పోయి నెల తిరగనివాళ్ళకి ఆ ఏడు ఏమీ పెట్టరు. వాళ్ళకి అటునుంచి రావడానికి ఇంకా అనుమతి దొరికి ఉండదని నమ్మకం. మార్చి కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

షికాగో_చలి | అక్టోబర్ 12
మూర్తిగారూ, అనుమతి మాట అత్తయ్యగారికి చదివి వినిపించాను. “అక్కడా ఆఫీసులేనా!” అని నవ్వారు. ఒప్పుకోలేదు, నవ్వారంతే.

పాతకాగితం | అక్టోబర్ 13
ఎవరో వచ్చి ‘మూడు వేల ఏళ్ళ ఆజ్టెక్ పండుగ’ అని లింకు పెట్టేలోపే నేను రాసేస్తాను. విషయం అంత సూటిగా లేదు. ఆజ్టెక్‌లకి మిక్త్లాన్ అనే మృతుల లోకం ఉంది, దానికి మిక్తేకాసిహ్వాత్ల్ అనే రాణి ఉంది. పోయినవాళ్ళకి నైవేద్యాలు పెట్టేవారు. ఇదంతా నిజం. కానీ నవంబర్ 1, 2 అన్న తేదీలు కాథలిక్ క్యాలెండర్‌వి. మొదటిది సకల పునీతుల పండుగ, రెండోది సకల ఆత్మల రోజు. గోధుమ రొట్టె, చెరకు పంచదార స్పెయిన్ వాళ్ళ వెంట వచ్చినవే. ఎల్సా మాల్విదో అనే మెక్సికన్ చరిత్రకారిణి ఇంకా ముందుకెళ్ళి, ఇది ప్రధానంగా యూరప్ కాథలిక్ ఆచారమేననీ, మెక్సికో విప్లవం తర్వాతి మేధావులు దీనికి ఆదివాసీ వేషం కట్టారనీ వాదించింది. అందరూ ఒప్పుకోరు. బంతిపూలు, కోపల్ ధూపం, మొక్కజొన్న వంటలు ఎక్కడివి మరి అని అడుగుతారు. పల్లెల్లో పీఠాన్ని చూస్తే రెండు పక్షాలకీ సాక్ష్యం దొరుకుతుంది: శిలువా అక్కడే ఉంటుంది, కోపల్ పొగా అక్కడే ఉంటుంది.

పుర్రెల గురించి అడిగారు కాబట్టి: పెద్ద పూల టోపీ పెట్టుకున్న ఆడ అస్థిపంజరం ఇప్పుడు ప్రతిచోటా కనిపిస్తుంది కదా, ఆమె పేరు కత్రీనా. ఆమె దేవత కాదు. హోసే గ్వాదలూపే పొసాదా (1852–1913) అనే చిత్రకారుడు చవక అచ్చు కాగితాల కోసం చెక్కిన వ్యంగ్య చిత్రం. తమ మూలాలు దాచుకుని యూరప్ దొరసానుల్లా పోజులు కొట్టేవాళ్ళ మీద వేసిన ఎగతాళి అది. ఆయన చెక్కింది తల వరకే. 1947లో దియేగో రివేరా తన కుడ్యచిత్రంలో ఆమెకి ఒళ్ళు, గౌను ఇచ్చి, పక్కన పొసాదాని నిలబెట్టాడు. అంటే మీరు భయపడుతున్న పుర్రె పుట్టుకతోనే కార్టూన్. ఎంత టోపీ పెట్టుకున్నా లోపల ఎముకలే కదా అని దాని వేళాకోళం. మీ నాన్నగారికి కార్టూన్లు ఇష్టమైతే ఇబ్బంది పడరు.

వాదన_వద్దు | అక్టోబర్ 13
పేరు చూసి మోసపోకండి, నేను వాదించడానికే వచ్చాను. మెక్సికో సిటీలో జరిగే ఆ పెద్ద పరేడ్ ఉంది చూశారూ, భారీ బొమ్మలు, వేలమంది కత్రీనా వేషాలు? అది జేమ్స్ బాండ్ సినిమా చూసి మొదలుపెట్టింది. 2015లో వచ్చిన ‘స్పెక్టర్’ మొదటి సీనులో లేని పరేడ్‌ని సృష్టించి చూపించారు. టూరిస్టులు వచ్చి పరేడ్ ఎక్కడా అని అడుగుతారు కదా అని 2016 నుంచి ప్రభుత్వమే నిజం పరేడ్ పెట్టేసింది. అంతకుముందు 2013లో డిస్నీ వాళ్ళు తమ సినిమా సరుకుల కోసం ఈ పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేయబోయారు. జనం తిరగబడితే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు అక్టోబర్ వస్తే సూపర్‌మార్కెట్లో పుర్రె నాప్‌కిన్లు. ఇంత సంత అయిపోయినదాంట్లో మన ఇంటి పెద్దాయన ఫోటో పెట్టడం అవసరమా?

ఈస్ట్‌ఎల్లే_రమణి | అక్టోబర్ 14
సంతా ఉంది, ఇంకోటీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను.

అమెరికాలో ఈ పండుగ ఇళ్ళలోంచి వీధిలోకి వచ్చింది 1970ల మొదట్లో. దానికి ముందు ఇక్కడి మెక్సికన్ అమెరికన్ కుటుంబాల్లో చాలామందికి పీఠం కట్టడమే తెలియదు. వాళ్ళలో ఎక్కువమంది పూర్వీకులు మూర్తిగారు చెప్పిన ఆ ఉత్తర మెక్సికో వాళ్ళే. ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. వియత్నాం నుంచి వాళ్ళ పిల్లల శవపేటికలు వస్తున్నాయి. 1970 ఆగస్టు 29న ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ రోజే రూబెన్ సలసార్ అనే పాత్రికేయుడు షెరిఫ్ మనిషి పేల్చిన టియర్‌గ్యాస్ గుండు తగిలి చనిపోయాడు. అలాంటి పేటలో కారెన్ బోకలేరో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని ‘సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్’ అనే ముద్రణ శాల నడిపేది. మెక్సికో నుంచి వచ్చిన కార్లోస్ బువెనో, ఆంతోనియో ఇబాన్యెస్ అనే కళాకారులు ఆమెతో ఉండేవారు. వాళ్ళంతా కలిసి ఎవర్‌గ్రీన్ శ్మశానం నుంచి తమ శాల దాకా ఊరేగింపు తీశారు. ముఖాలకి రంగులు, అట్టముక్కల అస్థిపంజరాలు, పూలు. శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో ‘గలేరియా దె లా రాసా’ కళాకారులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే పీఠాల ప్రదర్శన మొదలుపెట్టారు.

నేను దీన్ని నకిలీ అనను. తాతల నుంచి అందని దాన్ని పుస్తకాల్లో చదివి, పల్లెలకి వెళ్ళి చూసి, అడిగి నేర్చుకుని తెచ్చుకున్నారు. ఎవరికోసం? వార్తల్లో అంకెలుగా మిగిలిపోయినవాళ్ళ కోసం. 1980లు, 90ల్లో శాన్ ఫ్రాన్సిస్కో పీఠాల మీద ఎయిడ్స్‌తో పోయిన కుర్రాళ్ళ ఫోటోలు వచ్చాయి. తర్వాత సరిహద్దు ఎడారిలో దాహంతో పోయినవాళ్ళ కోసం నీళ్ళ సీసాలు పేర్చారు. మెక్సికోలోనూ 2014లో మాయమైన అయోత్సినాపా విద్యార్థులు 43 మంది ముఖాలు వీధి పీఠాల మీద కనిపించాయి. వాళ్ళ తల్లిదండ్రులు మాత్రం మా పిల్లలు పోయారని ఎవరు తేల్చారని అడుగుతూనే ఉన్నారు. అంచేత ఆ ఫోటోలు పెట్టడమే ఒక గొడవ.

వాదన_వద్దుగారు చెప్పిన సంత నేనూ చూశాను. హాలీవుడ్ ఫరెవర్ శ్మశానంలో టికెట్ కొనుక్కుని వెళ్ళాలి. జనం, స్టేజీ, పాటలు, ఫోటోల కోసం క్యూలు. అక్కడ కూడా ఒక మూల ఏదో కుటుంబం తమ పిల్లాడి పీఠం పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. ఒకే ఆవరణలో రెండూ ఉంటాయి. మనం దేని దగ్గర ఆగుతామన్నది మన చేతుల్లోనే ఉంటుంది.

కరీంనగర్_కాడ | అక్టోబర్ 14
మాది కరీంనగర్. ఇదంతా చదువుతుంటే నాకేం కొత్తగా అనిపిస్తలేదు. మా దగ్గర కార్ఖానాగడ్డ శ్మశానంలో దీపావళి చేస్తరు, టీవీల్లో కూడా చూసే ఉంటరు. కొన్ని దళిత కుటుంబాలు ఎన్నో ఏండ్ల నుంచి చేస్తున్నయి. పండుగకి ముందే సమాధులకి సున్నం వేస్తరు, పూలు కడతరు, సాయంత్రం పిల్లాజెల్లతో అందరూ పోయి దీపాలు పెట్టి, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి పెడతరు. పటాకులు కూడా అక్కడ్నే కాలుస్తరు. మా అమ్మమ్మ వాళ్ళు చేసేవాళ్ళు. ‘శ్మశానంలో పండుగ ఏంది’ అని పక్క వాడోళ్ళు అంటే ఆమె ఒకటే అనేది, ‘మీ ఇంట్ల పెద్దోళ్ళని పండుగకి పిలువరా?’ అని. షికాగో అక్కా, నువ్వు ఫోటో పెట్టు.

వాదన_వద్దు | అక్టోబర్ 15
వచ్చేసింది. ఇక్కడ ఏ దేశం మాటెత్తినా మూడో పేజీలో ‘ఇది మన దగ్గరా ఉంది’ అని తేలుస్తారు. ఇంకో రెండు పోస్టులయ్యాక పితృపక్షమే సముద్రం దాటి మెక్సికో వెళ్ళిందని ఎవరో రాస్తారు. కరీంనగర్ సంగతి నాకు నచ్చింది, అది నిజం కూడా. కానీ పోలిక అక్కడితో ఆపుదాం. పితృపక్షంలో తర్పణం ఉంది, తిథి ఉంది, ఎవరు పెట్టాలి ఎవరు పెట్టకూడదు అని లెక్కలున్నాయి. మెక్సికో వాళ్ళది ముందు ఇంటి విందు. ఒకదానితో ఒకటి తూకం వేయకుండా ఉన్నదున్నట్టు చూడొచ్చు కదా.

బంతితోట | అక్టోబర్ 15
సముద్రం దాటింది నిజమే, కాకపోతే ఇటునుంచి అటు కాదు, అటునుంచి ఇటు. మాకు పూల సాగు ఉంది కాబట్టి చెప్తున్నా. మనం దసరాకి గుమ్మానికి కట్టే పెద్ద బంతి (టాగెటీస్ ఎరెక్టా) మొక్క పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. యూరప్ వాళ్ళు అమెరికా ఖండాలకి ఓడలేసుకుని వెళ్ళాకే ఇది మన వైపు వచ్చింది. మిరపకాయ, టమాటా, జామ వచ్చిన దారే. బతుకమ్మలో తంగేడు మనదే, పక్కన పేర్చే బంతి మాత్రం వాళ్ళ ఊరిది. అక్కడ దీన్ని సెంపాసూచిల్ అంటారు, ప్యూబ్లా రాష్ట్రంలో ఎకరాలకెకరాలు వేస్తారు. మెక్సికో సిటీ దక్షిణ భాగంలో సోచిమిల్కో కాలువల దగ్గర కుండీల్లో పెంచుతారు. పండుగ మొత్తం రెండు మూడు వారాల అమ్మకమే కాబట్టి నాట్లు ఆ తేదీకి పూత వచ్చేలా లెక్కపెట్టి వేయాలి. ముందు పూసినా నష్టమే, వెనక పూసినా నష్టమే. ఆ టెన్షన్ మాకు కార్తీకానికి ఉంటుంది.

రేకలు తుంచి వీధి గుమ్మం నుంచి పీఠం దాకా దారిలా పోస్తారు. వచ్చేవాళ్ళు ఘాటైన ఆ వాసన పట్టుకుని ఇల్లు గుర్తుపడతారట.

ఫిరంగిపురం_వాడు | అక్టోబర్ 16
మాది గుంటూరు జిల్లా కాథలిక్ కుటుంబం. నవంబర్ 2న మాకు సమాధుల పండుగ. సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు, కొవ్వొత్తులు పెడతాం. ఫాదర్‌గారు వచ్చి దీవిస్తారు. సాయంత్రానికి శ్మశానమంతా వెలుగుతుంది. ఆ రోజు వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళు కూడా వస్తారు, పెళ్ళిళ్ళకి కలవనివాళ్ళు అక్కడ కలుస్తారు. మెక్సికోకి, మాకు తేదీ ఒకటే కావడానికి కారణం పాతకాగితంగారు చెప్పేశారు. మేం మాత్రం సమాధి మీద భోజనం పెట్టం. పోయినవాళ్ళు వచ్చి తింటారనే మాట మా మతబోధలో లేదు, ఆత్మల కోసం ప్రార్థన మటుకే. మా పెంతెకోస్తు బంధువులైతే అదీ చేయరు. మెక్సికోలోనూ ఎవాంజలికల్ కుటుంబాలు చాలావరకు దీనికి దూరంగానే ఉంటాయి. కాబట్టి మెక్సికన్ కనిపించగానే ‘మీ పండుగ శుభాకాంక్షలు’ అనేయకండి. నేనన్నాను, పక్కింటాయన మొహం మాడ్చుకున్నాడు.

షికాగో_చలి | అక్టోబర్ 16
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. రెండు చిన్న ప్రశ్నలు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ముఖానికి పుర్రె రంగు వేసుకుంటానంటోంది. ఓకేనా? ఇంకోటి, మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ పెట్టింది వద్దంటే బాధపడతారా?

అట్లపెనం | అక్టోబర్ 16
తిండి ప్రశ్నకి నేను. ఆ రోజు చేసే ప్రత్యేక రొట్టెని పాన్ దె ముయెర్తో అంటారు. గుండ్రంగా, పైన ఎముకల ఆకారంలో పిండి ముద్దలు అతికించి, పంచదార చల్లి ఉంటుంది. నారింజ తొక్క వాసన వస్తుంది, కొందరు సోంపు కూడా వేస్తారు. మామూలుగా అందులో వెన్న, గుడ్లు ఉంటాయి. గుడ్డు లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు, బయట అడిగే కొనాలి. తమాలెల విషయంలో మరీ జాగ్రత్త. లోపల కూర శాకాహారమే అయినా, మొక్కజొన్న పిండిని మామూలుగా పంది కొవ్వుతో (మాన్తేకా) కలుపుతారు. తీపి తమాలెల్లో కూడా ఉంటుంది. ‘మాంసం ఉందా’ అని అడిగితే లేదంటారు, వాళ్ళ దృష్టిలో కొవ్వు మాంసం కాదు. ‘మాన్తేకా ఉందా’ అని అడగండి.

మీరు నిశ్చింతగా తినగలిగేవి కూడా ఉన్నాయి. కలబాసా ఎన్ తాచా అంటే గుమ్మడికాయ ముక్కల్ని పిలోన్సియో పాకంలో దాల్చినచెక్క వేసి మగ్గబెట్టడం. పిలోన్సియో అచ్చం మన అచ్చు బెల్లమే. నేను మొదటిసారి తిన్నప్పుడు ఇందులో ఏలకులు ఎందుకు వేయలేదని అడిగాను! అతోలె అనే మొక్కజొన్న జావ ఉంటుంది, చాక్లెట్ కలిపితే చంపురాదో. తోటకూర జాతి గింజల్ని పేలాలుగా వేయించి తేనెపాకంలో పట్టిన ఉండలు, అచ్చులు, పుర్రెలు కూడా దొరుకుతాయి. పంచదార పుర్రెలు చాలావరకు అలంకారానికే. నుదుటి మీద పేరు రాసి ఇస్తారు, పోయినవాళ్ళదే కాదు, బతికున్న స్నేహితుల పేర్లు కూడా. తొలూకా నగరంలో ఈ పంచదార బొమ్మల కోసమే ఏటా పెద్ద సంత జరుగుతుంది. అమెరికాలో చేసే వాటిలో గట్టిపడటానికి గుడ్డుసొన పొడి కలుపుతారు, మీరు తినకండి.

వద్దంటే బాధపడరు. ఒక కప్పు అతోలె తాగండి చాలు.

ఈస్ట్‌ఎల్లే_రమణి | అక్టోబర్ 17
ముఖం రంగుల సంగతి. దీని మీద మెక్సికన్ స్నేహితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. లైబ్రరీ వాళ్ళే ముఖాలకి రంగులు వేసే బల్ల పెడితే మీ అమ్మాయి కూర్చోవచ్చు, ఇబ్బందే లేదు. పీఠం దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటోందో ముఖ్యం. హాలోవీన్ భయపెట్టే వేషం, రక్తం కారే గాయాలు, అవి వద్దు. శాన్ ఫ్రాన్సిస్కోలో నవంబర్ 2 రాత్రి ఊరేగింపుకి ఇదే గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. బయటి పేటల నుంచి సీసాలు పట్టుకుని తాగి వచ్చేవాళ్ళ మధ్య, కొవ్వొత్తి పట్టుకుని ఏడుస్తూ నడిచే తల్లి. ఎవరికి కోపం రాదు?

మిగతా మర్యాదలు మీకు తెలిసినవే. పీఠం మీది వస్తువులు ముట్టుకోకూడదు, అక్కడి తిండి ప్రసాదం అనుకుని తీసుకోకూడదు (మనవాళ్ళు ఒకాయన అరటిపండు తీసుకున్నారు, నేను చూశాను). ఇంటి వాళ్ళు ఉంటే అడిగి ఫోటో తీయాలి. ‘ఈయన ఎవరండీ’ అని అడగండి, ఫోటో తీయడం కన్నా అది వాళ్ళకి ఎక్కువ నచ్చుతుంది. ఒకసారి అడిగితే అరగంట చెప్తారు. అమెరికాలో పీఠాలు కట్టడంలో పేరున్న ఒఫేలియా ఎస్పార్సా అనే ఈస్ట్ లాస్ ఏంజెలెస్ ఆవిడ ఉన్నారు. 2018లో జాతీయ వారసత్వ కళాకారిణిగా గౌరవం కూడా అందుకున్నారు. తల్లి దగ్గర నేర్చుకున్నదాన్ని కూతుళ్ళతో కలిసి, బడి పిల్లలతో కలిసి కడుతుంటారు. ఆ పీఠాలు చూస్తే ఎక్కడ కళ ఆగి ఎక్కడ ఇల్లు మొదలవుతుందో చెప్పలేం.

షికాగోలోనే ఉన్నారు కాబట్టి పిల్సన్ పేటలో మెక్సికన్ ఆర్ట్ నేషనల్ మ్యూజియం చూడండి. 1987 నుంచి ఏటా ఈ పండుగ మీద ప్రదర్శన పెడుతున్నారు. ప్రవేశం ఉచితం. లైబ్రరీకి వెళ్ళే ముందు అత్తయ్యగారిని తీసుకెళ్ళండి, ఫోటో పెట్టమని అడగకుండా ఊరికే చూపించండి.

మాంటెరే_మూర్తి | అక్టోబర్ 17
మర్యాదల మాట వచ్చింది కాబట్టి పాట్స్‌క్వరో గురించి రాయాలి. మిచోకాన్‌లో సరస్సు, అందులో హనిత్సియో అనే దీవి, ఒడ్డున త్సిన్‌త్సున్‌త్సాన్ ఊరు. పురేపెచా వాళ్ళ ప్రాంతం. నవంబర్ 1 రాత్రి ఆడవాళ్ళు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి తెల్లవార్లూ కూర్చుంటారు. 1970ల్లో పర్యాటక శాఖ పోస్టర్లు వేసి ప్రచారం మొదలుపెట్టింది. ఇప్పుడు పడవకి గంటల తరబడి క్యూ. ఇరుకు దారుల్లో తోపులాట, తలెత్తితే సెల్‌ఫోన్లు. నేను ఒక సమాధి పక్కన నిలబడితే ఆ ఇంటి పెద్దావిడ జరగమని సైగ చేసింది. ఆమె మనవడు పూలబుట్ట పట్టుకుని నా వెనకే ఇరుక్కుని ఉన్నాడు. నేను వెంటనే కిందికి దిగి వచ్చేశాను. ఆ డబ్బుతోనే ఊరు బతుకుతున్న మాట కూడా నిజమే. పడవలవాళ్ళు, రొట్టెలవాళ్ళు, గదులు అద్దెకిచ్చేవాళ్ళు అందరికీ ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ కొద్ది రోజుల్లోనే. ‘రావద్దు’ అని వాళ్ళనరు, మనమే చూసుకుని వెళ్ళాలి.

మెక్సికో సిటీ ఆగ్నేయ అంచున ఉన్న మీస్కిక్ ఊరు కూడా రద్దీయే. కానీ నవంబర్ 2 సాయంత్రం గంటలు మోగి చర్చి ఆవరణలోని సమాధులన్నీ ఒక్కసారి కొవ్వొత్తులతో వెలిగినప్పుడు ఆ జనమంతా వాళ్ళంతట వాళ్ళే నోరు మూసుకుంటారు. అది మాత్రం చూడదగ్గది.

యునెస్కో 2008లో తన జాబితాలో చేర్చింది ఆదివాసీ సముదాయాలు చేసే పండుగని. పరేడ్‌ని కాదు. ఈ తేడా మెక్సికో ప్రకటనల్లో కనపడదు.

పాతకాగితం | అక్టోబర్ 18
ఒకటి మర్చిపోయాం. ఈ రోజుల్లో కలవెరీతాలు రాస్తారు. బతికున్నవాళ్ళ మీద, ముఖ్యంగా పెత్తనం చేసేవాళ్ళ మీద, వాళ్ళని మృత్యువు తీసుకుపోయినట్టు అల్లిన వెక్కిరింత పద్యాలు. పత్రికలు మంత్రుల మీద వేస్తాయి, బళ్ళలో పిల్లలు టీచర్ల మీద రాస్తారు. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు, అదే నియమం. మన నిర్వాహకులు ‘కాపలాదారు’ గారి మీద ఒకటి:

అర్ధరాత్రి మృత్యువొచ్చి తలుపు తట్టింది,
కాపలాదారు చేతి కర్ర పైకి లేచింది.
“లాగిన్ ఏది? పేరు ఏది? పాత చర్చ చూశావా?
శీర్షికలో చుక్కలెందుకు, నియమావళి చదివావా?”
మూడుసార్లు వెనక్కెళ్ళి ఫారం నింపి తెచ్చింది,
“విభాగం తప్పు” అంటే విసిగి మెడ పట్టింది.
ఇప్పుడక్కడ శ్మశానంలో ఎముకలన్నీ గగ్గోలు:
మాట్లాడాలంటే ముందు రాయాలట దస్త్రాలు!

కాపలాదారు (నిర్వాహకులు) | అక్టోబర్ 18
చదివాను, కోప్పడలేదు. కవితలకి వేరే విభాగం ఉంది.

కరీంనగర్_కాడ | అక్టోబర్ 18
😂😂 ఎముకలు కూడా ఊకుండవు గని ఈయన ఊకుండడు.

షికాగో_చలి | అక్టోబర్ 20
ఆదివారం పిల్సన్ మ్యూజియంకి వెళ్ళొచ్చాం. అత్తయ్యగారు అన్ని పీఠాలూ తిరిగి చూశారు. ఒకదాని మీద కుట్టుమిషను, మధ్యలో ఆపిన గౌను ఉన్నాయి, దాని దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చాక “ఇది తద్దినం కాదు, కాబట్టి తద్దినం లెక్కలు దీనికి పట్టవు. మీ నాన్న, నీ ఇష్టం. కానీ సంవత్సరీకం మాత్రం మన పద్ధతిలో జరగాలి” అన్నారు. మా ఆయన ఇంకా మొహమాటపడుతూనే ఉన్నారు. ఆ రోజు కారు పార్క్ చేసి బయటే ఉంటారట, ఉండనివ్వండి.

ఇప్పుడు ఏం పెట్టాలన్నది సమస్య. నాన్నకి ఇష్టమైనవి మూడు: పేకముక్కలు, సిగరెట్లు, మాగాయ. లైబ్రరీలో సిగరెట్లు ఒప్పుకుంటారా?

ఈస్ట్‌ఎల్లే_రమణి | అక్టోబర్ 20
మెక్సికోలో సిగరెట్లు, తెకీలా, బీరు అన్నీ పెడతారు, తప్పేమీ కాదు. లైబ్రరీ కదా, ఖాళీ పెట్టె పెట్టండి. మాగాయ మూత బిగించి పెట్టండి, లేకపోతే నూనె కింద మెట్టు మీది వాళ్ళ ఫోటోల మీద కారుతుంది. ముఖ్యమైనది: అసలు ఫోటో ఇవ్వకండి, కాపీ తీయించి ఇవ్వండి. పండుగ అయ్యాక సర్దేటప్పుడు ఫోటోలు తారుమారవుతాయి. వెనకాల పేరు, ఫోన్ నంబరు రాయండి.

బంతితోట | అక్టోబర్ 20
పూలు ఇప్పుడే ఆర్డర్ ఇవ్వండి. చివరి వారంలో అక్కడ కూడా రేటు రెట్టింపు చేస్తారు, పూలవాళ్ళు ఎక్కడైనా పూలవాళ్ళే.

డల్లాస్_కొత్త | అక్టోబర్ 21
ఈ చర్చ చదివి ఉత్సాహం వచ్చింది. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం కలిసి క్లబ్‌హౌస్‌లో ఒక ఒఫ్రెండా కడదామనుకుంటున్నాం. కోపల్ ధూపం ఎక్కడ దొరుకుతుంది? కొవ్వొత్తులు ఎన్ని కావాలి?

ఈస్ట్‌ఎల్లే_రమణి | అక్టోబర్ 21
కోపల్ మెక్సికన్ కిరాణా కొట్లలో దొరుకుతుంది, పొగ మాత్రం విపరీతం. క్లబ్‌హౌస్‌లో వెలిగిస్తే ఫైర్ అలారం మోగి ఫైరింజన్ వస్తుంది. కొవ్వొత్తులు బ్యాటరీవి పెట్టుకోండి, లైబ్రరీల్లో అవే వాడతారు. కానీ తొలి ఏడాదే సొంతంగా మొదలుపెట్టకండి. మీ అపార్ట్‌మెంట్‌లో, పక్క వీధిలో మెక్సికన్ కుటుంబాలు లేకుండా ఉండవు. ఈ ఏడు వాళ్ళ పీఠానికి కుర్చీలు మోయడానికి, రేకలు తుంచడానికి వెళ్ళండి.

డల్లాస్_కొత్త | అక్టోబర్ 21
మా మెయింటెనెన్స్ ఆయనది వహాకా అని ఇప్పుడే తెలిసింది. రేపు అడుగుతాను.

మాంటెరే_మూర్తి | అక్టోబర్ 21
వహాకాలో ఏ ఊరో కూడా అడగండి. ఎత్లా వైపు అయితే అద్దాలు, మువ్వలు కుట్టిన అంగీలు వేసుకుని రాత్రంతా బ్యాండుతో వీధులు తిరుగుతారు. అప్పుడు మీ క్లబ్‌హౌస్ చాలదు, పార్కింగ్ లాట్ అడగాల్సి వస్తుంది.